చర్చి మాటలకు పుట్టిల్లు పౌరసభ

క్రీస్తు శకం తొలి శతాబ్దంలో ఎఫెసు నగరంలో పెద్ద అల్లరి జరిగిందని బైబిల్లోని అపొస్తలుల కార్యముల గ్రంథం చెబుతుంది. దేమేత్రి అనే కంసాలి అర్తెమిదేవికి వెండి గుళ్లు చేయించి అమ్మేవాడు. క్రైస్తవ బోధకుడు పౌలు మాటల వల్ల తమ బతుకుతెరువు పోతుందని తోటి పనివాళ్లను రెచ్చగొట్టాడు. జనం నాటకశాలలోకి తోసుకొచ్చారు. ఎందుకొచ్చారో చాలామందికి తెలియదు. రెండు గంటల పాటు దేవి పేరు అరిచి అలిసిపోయాక, నగర లేఖకుడు లేచి వాళ్లను సముదాయించాడు. వ్యాజ్యమేదైనా ఉంటే న్యాయస్థానాలున్నాయి, మరేదైనా ఉంటే చట్టప్రకారం జరిగే సభలో తేల్చుకోండి అని ఇళ్లకు పంపాడు. తెలుగు బైబిలు ఈ లేఖకుణ్ణి ‘కరణము’ అంది. ఊరి కాగితాలూ ఊరి మర్యాదా రెండూ చేతిలో ఉన్నవాడికి అంతకన్నా సరిపోయే పేరు దొరకదు.

ఈ ఘట్టాన్ని గ్రీకు మూలంలో చదివితే ఒక వింత కనిపిస్తుంది. కేకలు పెట్టిన గుంపుకూ, కరణం చెప్పిన చట్టబద్ధమైన సభకూ రచయిత ఒకే మాట వాడాడు: ఎక్లేసియా. అదే పుస్తకంలో యెరూషలేములోని క్రైస్తవులందరినీ కలిపి పిలవడానికీ అదే మాట. తెలుగు అనువాదకులు ఎఫెసు దగ్గర ‘సభ’ అనీ, క్రైస్తవుల విషయంలో ‘సంఘము’ అనీ విడదీశారు. ఆనాటి గ్రీకు పాఠకుడి చెవికి ఆ తేడా లేదు. చర్చి అనగానే మనకు ప్రార్థన గుర్తొస్తుంది. అతనికి గుర్తొచ్చేది ఊరి పౌరుల సమావేశం.

ఆ సమావేశం గురించి మనకు ఎక్కువగా తెలిసింది ఏథెన్స్ నుంచే. అక్రోపోలిస్ కొండకు పడమరగా ప్నిక్స్ అనే చిన్న కొండ ఉంది. క్రీ.పూ. 5, 4 శతాబ్దాల్లో ఏథెన్స్ పౌరులు అక్కడే ఆరుబయట కూర్చుని యుద్ధాలు, సంధులు, పన్నులు, ధాన్యం సంగతులు చేతులెత్తి తేల్చేవారు. కొత్తవాడికి పౌరసత్వం ఇవ్వడం లాంటి కొన్ని నిర్ణయాలకు 6,000 మంది ఉండాలన్నది నియమం. చాటింపు వేసేవాడు లేచి, మాట్లాడదలచినవారెవరు అని అడిగేవాడు. పౌరుడైతే చాలు, చెప్పులు కుట్టేవాడైనా లేచి మాట్లాడవచ్చు. స్త్రీలకు, బానిసలకు, పరాయి ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకు మాత్రం ఆ కొండ మీద చోటు లేదు. సభకు పోకుండా అంగడిలో కబుర్లాడేవాళ్ల మీదికి ఎర్రరంగు పూసిన తాడు పట్టుకుని వచ్చేవారు. క్రీ.పూ. 425లో ప్రదర్శించిన ‘అకార్నియన్స్’ నాటకంలో అరిస్టోఫనీస్ ఆ తాడును తప్పించుకుని పరుగెత్తేవాళ్లను చూపించాడు. తర్వాతి శతాబ్దం మొదట్లో సభకు వచ్చినవారికి కూలి ఇవ్వడం మొదలైంది. ముందు ఓబోలు అనే చిన్న నాణెం ఒకటి, తర్వాత రెండు, ఆ తర్వాత మూడు. పనిమానుకుని వచ్చే పేదవాడికి ఆ డబ్బే సభాప్రవేశం.

అయితే ఈ సభ ఎలా మొదలయ్యేది? పందిపిల్లలను బలి ఇచ్చి, వాటిని సభాస్థలం చుట్టూ తిప్పేవారు. ఆ రక్తంతో హద్దు శుద్ధి అయ్యేది. ఆ తర్వాత చాటింపుదారు పూర్వుల నుంచి వస్తున్న ప్రార్థనలు చదివి, ప్రజలను మోసగించేవాడు సర్వనాశనమైపోవాలని శాపం పెట్టేవాడు. ఇవన్నీ అయ్యాకే ఎజెండా. ఆ ఎజెండాలోనూ దేవుళ్లకు వాటా ఉంది. అరిస్టాటిల్ పేరుతో వచ్చిన ‘ఏథెన్స్ రాజ్యాంగం’ ఈ ఎజెండా సంగతులు చెబుతుంది. శతాబ్దాల పాటు మాయమైన ఆ గ్రంథం, ఈజిప్టులో ఒక పొలం లెక్కలు రాసిన పపైరస్ చుట్టల వెనకవైపున దొరికి, 1891లో అచ్చయింది. ఏడాదిని పది భాగాలు చేసి, భాగానికి నాలుగేసి చొప్పున సభలు జరిపేవారని, అంటే ఏటా 40 అని, దాని వల్లే మనకు తెలిసింది. ఆ నాలుగింటిలో రెండు సభల్లో మూడు పవిత్ర విషయాలు, దూతలకు సంబంధించినవి మూడు, మామూలు విషయాలు మూడు చర్చించాలని అందులో ఉంది.

పవిత్రమైన వాటిని వాళ్లు ‘హియెరా’ అన్నారు. మామూలు వాటికి వాడిన మాట ‘హోసియా’. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆపి ఆలోచింపజేసింది ఇదే. హోసియా అంటే దేవుళ్లకు సమ్మతమైనది అని. ఖజానాలో దేవతల సొత్తు కాని డబ్బును కూడా హోసియా అనే అనేవారు. అంటే దేవుడికి చెందినది ఒకటి, మనుషులు వాడుకోవడానికి దేవుడు ఒప్పుకున్నది మరొకటి. దేవుడితో అసలు సంబంధమే లేనిదంటూ మూడోది వాళ్ల లెక్కలో కనిపించదు. క్రీ.పూ. 431లో స్పార్టాతో యుద్ధం మొదలైనప్పుడు ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ ఖజానా వివరాలు చెబుతూ, పార్థినాన్‌లోని ఎథీనా విగ్రహం మీదున్న 40 టాలెంట్ల బంగారాన్ని కూడా అవసరమైతే తీసుకోవచ్చని, కానీ మళ్లీ అంతా తిరిగి పెట్టాలని చెప్పినట్టు చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. అంటే సుమారు టన్ను బంగారం. ఆ యుద్ధకాలంలో నగరం దేవత దగ్గర అప్పు చేసి, దానికి వడ్డీ లెక్క కట్టి, రాతి మీద చెక్కించింది.

అర్చకుల సంగతి కూడా అలాంటిదే. వేదాధ్యయనం లాంటి ప్రత్యేక చదువు గానీ, దేశమంతటికీ ఒకే అర్చక వ్యవస్థ గానీ లేవు. కొన్ని పదవులు పాత వంశాలవి. ఎథీనా పోలియాస్ పూజారిణి ఎప్పుడూ ఒకే వంశం నుంచి వచ్చేది. కానీ క్రీ.పూ. 5వ శతాబ్దంలో విజయదేవి ఎథీనా నైకీకి పూజారిణిని నియమించినప్పుడు, ఏథెన్స్ స్త్రీలందరిలోంచి ఎంచాలని సభ తీర్మానించింది. ఆమెకు ఏడాదికి 50 డ్రాక్మాలు, బలిపశువుల కాళ్లు, తోళ్లు ఇవ్వాలని శాసనంలో ఉంది. ప్నిక్స్ మీద నోరెత్తే వీల్లేని స్త్రీ, అదే సభ తీర్మానంతో నగరం తరఫున దేవత ముందు నిలబడింది.

రాజులు పోయినా ‘బసిలియస్’, అంటే రాజు, అనే పేరు ఏటా చీటీ వేసి ఎంచే ఒక అధికారికి మిగిలింది. యాగాలు, పండుగలు, దైవద్రోహం కేసులు అతనివి. క్రీ.పూ. 399లో సోక్రటీస్ మీద వచ్చిన ఫిర్యాదు దాఖలైంది అతని దగ్గరే. నగరం గుర్తించే దేవుళ్లను గుర్తించడం లేదన్నది అందులోని మొదటి మాట. అక్కడ వాడిన క్రియ ‘నోమిజెయిన్’. చట్టానికీ ఆచారానికీ కలిపి వాడే ‘నోమోస్’ నుంచి వచ్చింది. సోక్రటీస్ మనసులో ఏం నమ్ముతున్నాడన్న దానికన్నా, ఊరి కట్టుబాటును పాటిస్తున్నాడా లేదా అన్న ప్రశ్నే ఆ మాటలో బలంగా వినిపిస్తుంది. ఆ ప్రశ్న అడిగింది గుడి పెద్దలు కాదు. పౌరుల్లోంచి చీటీల మీద వచ్చిన వందలాది న్యాయనిర్ణేతలు.

ఇక లేతూర్గియా. చర్చిలో ఆరాధన క్రమాన్ని లిటర్జీ అంటున్నాం కదా, ఆ మాట ఇదే. ప్రజలు, పని అనే రెండు మాటలు కలిసి పుట్టింది. ఏథెన్స్‌లో దీని అర్థం డబ్బున్నవాడు సొంత ఖర్చుతో నగరానికి చేయాల్సిన సేవ. మన బ్రహ్మోత్సవాల్లో ఒక్కో వాహనసేవ ఖర్చు ఒక్కో ఉభయదారు పెట్టుకున్నట్టే, అక్కడ పండుగలో ఒక్కో నాటకానికి వాద్యగాడు, గాయకబృందం, దుస్తులు, శిక్షణ అన్నీ ఒక్కో ధనికుడు భరించేవాడు. తేడా ఒకటే, ఇది కోరి చేసేది మాత్రమే కాదు, నగరం అతని మీద మోపేది. క్రీ.పూ. 472లో ఈస్కిలస్ ‘పర్షియన్స్’ నాటకానికి ఖర్చు పెట్టింది యువకుడైన పెరిక్లీస్. ఇంకా భారమైనది యుద్ధనౌక. 170 మంది తెడ్లు వేసే ఓడను ఏడాది పాటు నడిపించాలి.

లిసియాస్ రాసిన ఒక కోర్టు ప్రసంగంలో పేరు తెలియని ముద్దాయి తన ఖర్చులు ఏకరువు పెట్టాడు. ఒక విషాద నాటకం బృందానికి 3,000 డ్రాక్మాలు. ఏడేళ్లు ఓడ నడిపినందుకు 6 టాలెంట్లు, అంటే 36,000 డ్రాక్మాలు. అదే కాలంలో అక్రోపోలిస్ మీద ఎరెక్థియోన్ గుడి కట్టిన పనివాడి రోజుకూలి ఒక డ్రాక్మా. చట్టం అడిగినంతే ఇచ్చి ఉంటే ఇందులో పావు వంతు కూడా అయ్యేది కాదని అతను చెప్పుకున్నాడు. అది గొప్పలకు పోవడంగా నాకు అనిపించదు. నగరం ముందు తన మంచితనాన్ని రుజువు చేసుకోవడానికి అతని దగ్గరున్న లెక్క అదొక్కటే. తప్పించుకోజూసేవాళ్లకూ ఒక దారి ఉండేది. నాకన్నా ఫలానావాడు ధనవంతుడు, ఈ సేవ అతనే చేయాలి, లేదంటే మా ఇద్దరి ఆస్తులూ మార్చుకుందాం అని సవాలు విసరవచ్చు.

ఈ మాటలు దారి మళ్లింది అలెగ్జాండ్రియాలో. క్రీ.పూ. 3వ శతాబ్దం నుంచి అక్కడి యూదులు తమ హీబ్రూ గ్రంథాలను గ్రీకులోకి తెచ్చుకున్నారు. సీనాయి కొండ కింద దేవుడి ముందు నిలిచిన ఇశ్రాయేలు జనసమూహాన్ని ఏమనాలి? ఎక్లేసియా అన్నారు. ప్రత్యక్షపు గుడారం అనే ఆరాధనాస్థలంలో లేవీ గోత్రంవాళ్లు చేసే సేవకు? లేతూర్గియా. దేవతలకు చేసే లేతూర్గియాలని అరిస్టాటిలే ఒకచోట రాశాడు కాబట్టి, అనువాదకులు మాటను వంచలేదు, ఉన్న పక్కకే కాస్త ఎక్కువగా ఒరిగేలా చేశారు. క్రీ.శ. 50 ప్రాంతంలో పౌలు థెస్సలొనీకలోని కొద్దిమంది విశ్వాసులకు ఉత్తరం రాస్తూ వాళ్లను ఆ ఊరి ఎక్లేసియా అన్నప్పుడు, ఈ రెండు చరిత్రలూ ఆ పిలుపులో ఉన్నాయి. అసలు పౌరసభలో చోటు లేని స్త్రీలు, బానిసలు కూడా అందులో సభ్యులే.

తొలి క్రైస్తవులు తమ పెద్దలకు ‘హియెరియస్’ అనే పేరు పెట్టుకోలేదు. అది బలిపీఠం దగ్గర నిలబడేవాడి పేరు. అందుకే ఊరి వాడుకలోంచి మాటలు తెచ్చుకున్నారు. ‘ప్రెస్బితెరోస్’ అంటే పెద్ద, ‘దియాకొనోస్’ అంటే వడ్డించేవాడు, సేవకుడు. ‘ఎపిస్కోపోస్’ అంటే పైనుంచి చూసుకునేవాడు. ఏథెన్స్ తన కింది నగరాలకు పంపిన తనిఖీదారుకు క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే ఆ పేరుంది. క్రీ.పూ. 414 నాటి ‘పక్షులు’ నాటకంలో అలాంటివాడొకడు కొత్త నగరంలోకి అధికారం చూపించడానికి వచ్చి తన్నులు తిని పోతాడు. ఆ మాటే అరిగి అరిగి బిషప్ అయింది. గుడి మాటలకు దూరంగా ఉండాలని వాళ్లు సభ మాటలను ఎంచుకున్నారు గానీ, ఆ సభ కూడా బలితోనే మొదలయ్యేది. ఏథెన్స్‌లో బలిపీఠం తాకని మాట దొరకడం కష్టం.

బిషప్ పరిధిని చెప్పే డయాసిస్ కూడా గుడి మాట కాదు. ‘దియోయికేసిస్’ అంటే ఇంటి లేదా రాజ్య నిర్వహణ, ఖజానా పాలన. డయోక్లీషియన్ చక్రవర్తి రోమన్ సామ్రాజ్యాన్ని పెద్ద పాలనా విభాగాలుగా చేసినప్పుడు వాటికి ఈ పేరు పెట్టారు, చర్చి అక్కడి నుంచి తీసుకుంది. 1912లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్‌గా దోర్నకల్ డయాసిస్‌కు వచ్చాడు. బిషప్ అనే ఆ పదవి పేరులోనూ, డయాసిస్ అనే ఆ పరిధి పేరులోనూ ఉన్నవి ఏథెన్స్ కచేరీ మాటలే. తెలుగు బైబిలు కూడా ఎపిస్కోపోస్‌ను ‘అధ్యక్షుడు’ అంది. సభకు అధ్యక్షత వహించేవాడికీ మనం వాడేది ఆ మాటే కాబట్టి, అనువాదం తెలిసో తెలియకో మాటను దాని పుట్టింటికి దగ్గరగా నిలిపింది.

నేటి గ్రీసులో ఎక్లిసియా అంటే చర్చి మాత్రమే. పార్లమెంటుకు ఆ పేరు మిగల్లేదు. దానికి ‘వులి’ అనే పేరు వచ్చింది, పాత ఏథెన్స్‌లో సభకు ఎజెండా సిద్ధం చేసిన 500 మంది మండలి పేరు అది. లితుర్గియా అంటే ఆదివారం ఆరాధన. దాని పక్కనే ఏ యంత్రమైనా పనిచేయడానికీ అదే మాట నిలిచింది. ఏథెన్స్ దుకాణంలో కంప్యూటర్ కొంటే, దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అక్కడివాళ్లు ‘లితుర్గికో సిస్తిమా’ అంటారు.