మస్కట్ ఇళ్ళలో మన పాటల కాసెట్లు

ఒమాన్‌లో 1983లో సంప్రదాయ సంగీత కేంద్రం ఏర్పడి, ఆ దేశపు జానపద గీతాలను రికార్డు చేసి భద్రపరచింది. మన మంగళహారతులకూ లాలిపాటలకూ ఇక్కడ అటువంటి కేంద్రం ఎక్కడిది? మనకు ఇంటి కాసెట్టే గతి!

1979లో టాస్కామ్ వారి పోర్టాస్టూడియో వెలువడింది. మామూలు కాసెట్టు మీదనే నాలుగు ట్రాకులు: ఒకదానిలో కీబోర్డు శ్రుతి, ఇంకొకదానిలో తాళం, ఆపైన అమ్మమ్మ గొంతు. పక్కవాద్యాలు దొరకనిచోట ఇది వరమే. కీబోర్డు మెట్ల మీద గమకం సరిగా పలకదు గనుక, మేము దానిని శ్రుతికే పరిమితం చేశాము.

ఆ యంత్రంలో టేపు రెట్టింపు వేగంతో, ఒకే వైపు నడుస్తుంది. 60 నిమిషాల కాసెట్టులో పట్టేది 15 నిమిషాలే. మామూలు ప్లేయరులో వేస్తే పాట ఈడుస్తుంది. తిరగవేస్తే వెనుకనుంచి పలుకుతుంది. పాడైందనుకొని పారవేయకండి. నాలుగు ట్రాకుల యంత్రం ఎవరివద్దనైనా ఉంటే అందులో వేసి వినండి.