వాల్తేరు వర్ణపటాల నుంచి గ్రాఫీన్ పొర దాకా

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి 1930లో విశాఖపట్నంలోని వాల్తేరు చేరింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న తొలి సంవత్సరాల్లో అక్కడ సైన్స్ కళాశాల వెలిసింది. ఏటా లక్ష రూపాయలు ఇవ్వడానికి ముందుకొచ్చిన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరే దానికి పెట్టారు. 1932లో భౌతికశాస్త్రం బోధించడానికి వచ్చిన సూరి భగవంతం అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లి వాడు. కలకత్తాలో సి.వి.రామన్ దగ్గర పనిచేసి వచ్చేనాటికి ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదు.

ఆయనతోపాటు రామన్ ఫలితం కూడా వాల్తేరుకు వచ్చింది. ఒక పదార్థం మీద ఒకే రంగు వెలుగు పడితే, చెదిరిన వెలుగులో కొంత భాగం రంగు మారుతుంది. ఎంత మారిందో చూస్తే లోపలి అణువుల కంపనాలు తెలుస్తాయి. ఆ కాలంలో లేజర్లు లేవు. పాదరస దీపం నుంచి వచ్చే నీలి రేఖను స్ఫటికం మీద పడనిచ్చి, చెదిరిన మసక వెలుగును వర్ణపటమాపకంలోని గాజు ఫోటో పలక మీద గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి పట్టేవారు. పలకను చీకటి గదిలో కడిగాక సన్నని గీతలు కనబడితే ఆ శ్రమ ఫలించినట్టు.

అయితే ఏ స్ఫటికానికి ఎన్ని గీతలు రావాలి? భగవంతం, ఆయన సహ పరిశోధకుడు టి.వెంకటరాయుడు ఈ ప్రశ్నను గణితంతో పట్టుకున్నారు. స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ఘటకం సౌష్ఠవాన్ని తీసుకుని, సమూహ సిద్ధాంతంతో ఏ కంపనం రామన్ వర్ణపటంలో కనిపించవచ్చో, ఏది కనిపించకూడదో ముందే తేల్చే పద్ధతిని 1939లో ప్రకటించారు. దాన్నే విస్తరించి రాసిన ఇంగ్లీషు గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అచ్చువేసింది. 1969లో అకడమిక్ ప్రెస్ దాన్ని మళ్లీ ప్రచురించింది. విశాఖలో అచ్చయిన శాస్త్ర గ్రంథాల్లో దీనికి సాటి వచ్చేవి అరుదు.

ఈ లెక్కకు గ్రాఫీన్‌తో గట్టి సంబంధం ఉంది. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్ గ్రాఫైట్ నుంచి అంటుడు టేపుతో విడదీసిన ఒకే పరమాణువు మందపు కర్బన పొర అది. సౌష్ఠవం ప్రకారం లోపం లేని ఆ పొరకు మొదటి శ్రేణి రామన్ రేఖ ఒక్కటే ఉండాలి, అది 1580 సెం.మీ⁻¹ దగ్గర వస్తుంది. 1350 దగ్గర మరో రేఖ లేచిందంటే ఎక్కడో సౌష్ఠవం చెడినట్టే. గ్రాఫైట్‌లో ఈ సంగతిని ట్యూన్‌స్ట్రా, కోనిగ్ 1970లోనే గుర్తించారు.

గ్రాఫీన్ ట్రాన్సిస్టర్‌తో రోగ సూచికలను పసిగట్టేవారికి ఈ రేఖ చాలా అవసరం. విద్యుదావేశం ఉన్న ప్రొటీన్ ఆ పొర మీద వాలితే అందులో పారే కరెంటు మారుతుంది. అయితే ఏ ప్రొటీన్ వాలిందో ఖాళీ పొరకు తెలియదు. అందుకే దాని ఉపరితలాన్ని మార్చి, కావలసిన ప్రొటీన్‌నే పట్టుకునే ప్రతిరక్షకాన్ని నిలబెట్టాలి. డయజోనియం లవణాలతో నేరుగా బంధం వేస్తే పట్టు గట్టిగా ఉంటుంది గానీ కర్బన అల్లిక చెదురుతుంది, 1350 రేఖ పెరుగుతుంది, ఎలక్ట్రాన్ల పరుగు మందగిస్తుంది. పైరీన్ ఉన్న అణువు అలా చేయదు. పొర మీద బల్లపరుపుగా పరుచుకుని, రెండో కొసతో ప్రతిరక్షకాన్ని పట్టుకుంటుంది. మిగిలిన ఖాళీ కొసలను ఇథనోలమైన్‌తో మూసేస్తారు. సున్నితమైన సెన్సర్లకు ఈ రెండో దారే మేలు.

2020లో దక్షిణ కొరియా పరిశోధకులు ఇలాగే కోవిడ్ వైరస్ స్పైక్ ప్రొటీన్‌ను పట్టారు. ఉప్పు ద్రావణంలో మిల్లీలీటరుకు 1 ఫెమ్టోగ్రాము ఉన్నా ట్రాన్సిస్టర్ స్పందించింది. రోగి నమూనాను నిల్వ చేసే ద్రవంలో మాత్రం 100 ఫెమ్టోగ్రాములు కావలసి వచ్చింది. పైగా శరీర ద్రవాల్లోని లవణాలు దాదాపు ఒక నానోమీటరు దూరంలోనే ఆవేశాన్ని కప్పేస్తాయి. పొడుగాటి ప్రతిరక్షకాల బదులు పొట్టి ఆప్టమర్లను (డీఎన్ఏ లేదా ఆర్ఎన్ఏ తునకలను) వాడే ప్రయత్నాలకు ఇదొక కారణం.

భగవంతం 1989లో కన్నుమూశారు, గ్రాఫీన్‌ను చూడలేదు. ఓడరేవు తెరుచుకున్న 1933, ఉక్కు ఉద్యమం రగిలిన 1966 పక్కన విశాఖ చరిత్రకారులు 1939కి కూడా చోటు ఇవ్వాలి.