ఓఎల్ఈడీ చరిత్ర: వెలుగు పెంచితే దక్షత ఎందుకు తగ్గింది?

ఓఎల్ఈడీ, అంటే సేంద్రియ కాంతి ఉద్గార డయోడ్, ఈనాడు మొబైల్ ఫోన్ల తెరల్లో సర్వసాధారణం. ఇందులో విద్యుత్ ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే కాంతి కూడా రెట్టింపు కావాలని మీరు ఆశిస్తారు. ఒక హద్దు దాటాక అలా జరగదు. కాంతి పెరుగుతుంది గాని, పంపిన ఒక్కో ఎలక్ట్రాన్‌కు దక్కే కాంతి తగ్గుతుంది. దీన్నే దక్షతా పతనం అంటారు. ఈ సమస్య ఒక గొప్ప విజయం వెంటే ముందుకు వచ్చింది. అదెలాగో చూద్దాం.

1987లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ రెండు సేంద్రియ పొరలతో తయారుచేసిన డయోడ్ 10 వోల్టుల లోపే ప్రకాశవంతంగా వెలిగింది. కాని దాని బాహ్య క్వాంటం దక్షత సుమారు 1 శాతమే. అంటే 100 ఎలక్ట్రాన్లు పంపితే బయటికి వచ్చేది దాదాపు ఒక్క ఫోటాన్. ఈ నష్టానికి ఒక ముఖ్య కారణం స్పిన్. ఎలక్ట్రాన్, హోల్ కలిసినప్పుడు ఏర్పడే ఎక్సైటాన్లలో సుమారు 25 శాతం సింగ్లెట్లు, 75 శాతం ట్రిప్లెట్లు. ఆనాటి పదార్థాల్లో సింగ్లెట్లే కాంతినిచ్చేవి. ట్రిప్లెట్ల శక్తి వృథా అయ్యేది.

1998లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలోని స్టీఫెన్ ఫారెస్ట్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని మార్క్ థాంప్సన్ బృందాలు ప్లాటినం ఉన్న అణువును వాడి ట్రిప్లెట్ల నుంచి కూడా కాంతిని రాబట్టాయి. మరుసటి ఏడాది ఇరిడియం సమ్మేళనంతో బాహ్య దక్షత 8 శాతానికి చేరింది. అయితే ప్రవాహం బాగా పెంచినప్పుడు దక్షత జారిపోయింది.

ఎందుకు? సింగ్లెట్ ఆయుర్దాయం కొన్ని నానో సెకన్లు. ఇరిడియం సమ్మేళనంలో ట్రిప్లెట్ సుమారు ఒక మైక్రో సెకను నిలుస్తుంది. ప్లాటినం సమ్మేళనంలో పదుల మైక్రో సెకన్లు. బస్సులు వెంటవెంటనే వస్తే బస్టాండులో రద్దీ ఉండదు. ఆలస్యమైతే జనం పేరుకుపోతారు. ట్రిప్లెట్లూ అలాగే పోగుపడతాయి. రెండు ట్రిప్లెట్లు తారసపడితే కనీసం ఒకటి కాంతినివ్వకుండానే నశిస్తుంది. ఈ నష్టం ట్రిప్లెట్ సాంద్రత వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. సాంద్రత రెట్టింపైతే నష్టం నాలుగింతలు. 2000లో బాల్డో, అడాచి, ఫారెస్ట్ ఈ వివరణను ప్రయోగాలతో బలపరిచారు. పొరలో కదిలే ఆవేశాలు కూడా ట్రిప్లెట్లను ఆర్పివేస్తాయి.

దీన్ని పరికరం అరిగిపోవడంగా పొరబడకండి. ప్రవాహం తగ్గిస్తే దక్షత తిరిగి వస్తుంది, అరుగుదల శాశ్వతం. అయితే తగ్గిన దక్షతను పూరించడానికి మరింత ప్రవాహం పంపితే పరికరం వేడెక్కి త్వరగా అరిగిపోతుంది. అందుకే ఈ సమస్యకు అంత ప్రాధాన్యం.

పరిష్కారాలు మూడు విధాలు: ట్రిప్లెట్ ఆయుర్దాయం తగ్గించడం, ఎక్సైటాన్లు ఏర్పడే ప్రాంతాన్ని వెడల్పు చేయడం, రెండు డయోడ్లను ఒకదానిపై ఒకటి పేర్చి దాదాపు సగం ప్రవాహంతో అంతే వెలుగు పొందడం. మూడో పద్ధతిలో వోల్టేజి మాత్రం సుమారు రెట్టింపవుతుంది. 2012లో జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయంలో అడాచి బృందం, ఖరీదైన లోహాలు లేకుండానే ట్రిప్లెట్లను సింగ్లెట్లుగా మార్చి అధిక దక్షత సాధించింది. అక్కడా ట్రిప్లెట్లు ఆ మార్పు కోసం వేచి ఉండాలి. కనుక పాత సమస్యే మళ్ళీ ఎదురైంది.

ఇకపై ఏ పరికరానికైనా గరిష్ఠ దక్షత ఇంత అని చదివినప్పుడు, అది ఎంత వెలుగు వద్ద కొలిచినదో కూడా చూడండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: ట్రిప్లెట్లను వినియోగించుకోవడం వల్ల కలిగిన లాభం, ఎదురైన ఇబ్బంది వివరించండి.