ర్యాడియస్ క్లయింట్ల నమోదు: ఫైలు నుంచి ఎల్‌డాప్ డైరెక్టరీకి

నెట్‌వర్క్‌లోకి వచ్చేవారి లాగిన్‌ను తనిఖీ చేసే ర్యాడియస్ విధానంలో క్లయింట్ అంటే ఇంటర్నెట్ వాడుకునే మనిషి కాదు. ఆ మనిషి లాగిన్ వివరాలను సర్వర్‌కు చేరవేసే పరికరం: వైఫై యాక్సెస్ పాయింట్, స్విచ్, డయలప్ రోజుల్లోనైతే మోడెముల వెనకుండే యాక్సెస్ సర్వర్. దాని ఐపీ చిరునామా, సర్వర్‌తో అది పంచుకునే రహస్య పదం నమోదులో ప్రధానం. నమోదు కాని చిరునామా నుంచి ఏమొచ్చినా సర్వర్ బదులివ్వదు.

ఈ నమోదు చరిత్రలోని రెండు పాయలూ, అంటే ర్యాడియస్, డైరెక్టరీలో వివరాలు వెతికే ఎల్‌డాప్ ప్రోటోకాల్, అమెరికాలోని మిషిగన్‌తో ముడిపడినవే. అక్కడి విశ్వవిద్యాలయాలను కలిపే మెరిట్ నెట్‌వర్క్ డయలప్ అవసరాల కోసం 1991లో లివింగ్‌స్టన్ ఎంటర్‌ప్రైజెస్ ర్యాడియస్‌ను రూపొందించింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హోవ్స్ తదితరులు చేసిన ఎల్‌డాప్ 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1487గా వెలువడింది.

1999లో మొదలైన ఫ్రీర్యాడియస్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ వీటిని ఒకచోట చేర్చింది. యూజర్ల ఖాతాలు డైరెక్టరీకి చేరినా, పరికరాల జాబితా చాలాకాలం ‘క్లయింట్స్ డాట్ కాన్ఫ్’ ఫైలులోనే ఉండిపోయింది. పది పరికరాలుంటే ఇప్పటికీ అదే మేలు. చిక్కంతా విస్తరించినప్పుడే. నిజామాబాద్ దగ్గర 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయానికి డిచ్‌పల్లిలో ప్రధాన ప్రాంగణం, భిక్నూర్‌లో దక్షిణ ప్రాంగణం, సారంగాపూర్‌లో విద్యా కళాశాల ఉన్నాయి. ఇలాంటి చోట్లన్నిటినీ ఒకే ర్యాడియస్ వ్యవస్థ కిందికి తెచ్చి, తోడుగా ఇంకో సర్వర్ పెట్టారనుకుందాం. కొత్త యాక్సెస్ పాయింట్ బిగించిన ప్రతిసారీ రెండు సర్వర్లలోనూ ఫైలు దిద్దాలి. ఒకదానిలో మరిచిపోతే, రెండోది ఆగిన రోజున గానీ లోపం బయటపడదు.

ఫ్రీర్యాడియస్ రెండో తరంలో డైనమిక్ క్లయింట్లు వచ్చాయి: అనుమతించిన ఐపీ శ్రేణి నుంచి కొత్త పరికరం పలకరిస్తే సర్వర్ అప్పటికప్పుడు వివరాలు వెతికి, కొంతకాలం గుర్తుంచుకుంటుంది. 2013లో వచ్చిన 3.0లో ఎల్‌డాప్ మాడ్యూలే క్లయింట్ల నమోదులను నేరుగా చదవగలిగింది. డైరెక్టరీలో ‘ర్యాడియస్‌క్లయింట్’ తరగతి కింద పరికరానికొక ఎంట్రీ ఉంటుంది. అయితే చదవడం సర్వర్ మొదలైనప్పుడే కనుక, కొత్త ఎంట్రీ అమలుకు రీస్టార్ట్ తప్పదు. పరికరాలు తరచూ మారే చోట డైనమిక్ పద్ధతే నయం.

అసలు జాగ్రత్త రహస్య పదం విషయంలో. యూజర్ పాస్‌వర్డ్‌లా దీన్ని హ్యాష్ చేసి దాచలేం. సందేశాల ప్రామాణికతను లెక్క కట్టి సరిచూడటానికి సర్వర్‌కు అసలు పదమే కావాలి. ఈమెయిల్ నుంచి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ దాకా అన్నీ చదివే డైరెక్టరీలో దాన్ని తెరిచి ఉంచితే, పాత ఫైలే అంతకన్నా భద్రం. ఆ అంశాన్ని చదివే హక్కు ర్యాడియస్ సర్వర్ ఖాతాకే ఉండాలి, సర్వర్‌కూ డైరెక్టరీకీ మధ్య సంభాషణ టీఎల్‌ఎస్ గుప్తీకరణతో సాగాలి.

2024 జులైలో ర్యాడియస్ ప్రోటోకాల్‌లో బయటపడ్డ బ్లాస్ట్‌ర్యాడియస్ అనే భద్రతా లోపం ఈ నమోదులకు కొత్త పని పెట్టింది. ప్రతి అభ్యర్థనలో సందేశం మారలేదని రుజువు చేసే మెసేజ్ ఆథెంటికేటర్ తప్పనిసరి చేయాలి. దాన్ని పంపలేని పాత పరికరాలను గుర్తించి మార్చాలి. ఆ నిబంధనకు ఎంట్రీలోనే ఒక గడి ఉంది కాబట్టి, ఏ ప్రాంగణంలో ఇంకా ఎన్ని పాతవి మిగిలాయో డైరెక్టరీలో ఒక్క ప్రశ్నతో తేలుతుంది.