బంతియాట రాత్రి: బొరుగులు, బజ్జీలు, చెనిక్కాయలు



2022 డిసెంబరు 18, ఆదివారం. కతార్ దేశపు లుసైల్ మైదానంలో అర్జెంటీనాకు, ఫ్రాన్సుకు ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు తుది పోరు. మన వేళకు రాత్రి ఎనిమిదిన్నరకు ఆరంభం. గాండ్లపెంటలో మా ఇంట టీవీ ముందు చాపలు పరిచాము. వీధిలోని పిల్లలు, నా పాత శిష్యులు నలుగురు, ఎదురింటి రైతు పెద్దాయన వచ్చి కూర్చున్నారు. క్రికెట్ తప్ప అన్యమెరుగని సీమలో ఈ ఆటపై మక్కువ ఎక్కడిదని మీరు అడుగవచ్చు. 1969లో అనంతపురం వచ్చి, 2009లో కన్నుమూసేదాకా ఈ నేలనే నమ్ముకొన్న స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన నెలకొల్పిన ఆర్‌డీటీ సంస్థ అనంతపురంలో క్రీడాగ్రామం కట్టి, పల్లె బాలబాలికల కాళ్లకు బంతిని అందించింది. ఆ గాలి మా వైపుకూ వీచింది.

ఆట సంగతి లోకవిదితం. నేను వ్రాయబూనినది పళ్లెంలోని సంగతి.

మా ఇంటావిడ ఆ రాత్రి ఉగ్గాని కలిపింది, మిరపకాయ బజ్జీలు వేసింది, ఇసుకలో వేయించిన చెనిక్కాయలు చేటనిండా పోసింది. ఉగ్గాని ఎరుగని కోస్తా మిత్రుల కోసం రెండు మాటలు. మీరు మరమరాలనే బొరుగులను నీళ్లలో ముంచి, పిండి, ఎర్రగడ్డలు పచ్చిమిరపకాయలతో పెట్టిన తాలింపులో వేసి, పప్పుల పొడి చల్లి కలిపితే ఉగ్గాని. కన్నడంలో తాలింపును ఒగ్గరణె అంటారు. బళ్లారి వైపు ఈ పదార్థానికే వగ్గాణి అని పేరు. ఈ రెంటినీ పక్కన పెట్టి చూస్తే మా మాట వ్యుత్పత్తి తేటపడుతుందని నా అభిప్రాయం. నిఘంటుకారులు ఒప్పకపోతే వ్యాఖ్యలలో మందలించగలరు.

మొదటి గోలు పడిన కాసేపటికి మనుమడు అడిగాడు, "తాతా, అర్జెంటీనావాళ్లు మ్యాచ్ చూస్తా ఏం తింటారు?"

నా చేతిలో చెనిక్కాయ ఉంది. "ఇదే తింటూ ఉండవచ్చు నాయనా. ఇది వాళ్ల ఊరిదే" అన్నాను. పిల్లలు నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. "అదేంది అయివారూ! చెనిక్కాయ మనది కాదా? మా నాయన కాలం నుంచి ఏస్తాండాము" అన్నాడు. ఆ మాటలో బాధ ఉంది. ఆయనకు ఆ రాత్రి పూర్తిగా చెప్పలేకపోయినది ఇక్కడ వ్రాస్తున్నాను.

వేరుసెనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. దక్షిణ బొలీవియా, ఉత్తర అర్జెంటీనా కలిసే ప్రాంతంలో తొలిసారి సాగుకు లొంగిందని వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయం. పెరూ దేశంలో 1987లో బయల్పడిన సిపాన్ ప్రభువు సమాధిలో బంగారంతోను, వెండితోను చేసిన చెనిక్కాయల హారం దొరికింది. సుమారు పదిహేడు వందల ఏళ్ల నాటిది. మనం నేల మీద పోసి ఒలుచుకొనే కాయ అక్కడ రాజు మెడలో వెలిగింది!

మన భాషలో దీనికి సొంత పేరైనా లేదు. పాత సెనగకు వేరు తగిలించి వేరుసెనగ అన్నాము. నిజానికిది వేరున కాయదు. పూవు వాడిన పిదప ఊడ నేలలోకి దిగి కాయవుతుంది. తమిళులు మణిలాకొట్టై అన్నారు, అంటే ఫిలిప్పీన్సు రేవు మనీలా మీదుగా వచ్చిన గింజ. బజ్జీలోని మిరపకాయదీ ఇదే కథ. అదీ అమెరికా ఖండానిదే, పోర్చుగీసువారి ఓడలు తెచ్చినదే. మిరియానికి పోలికగా మిరప అన్నాము. పల్నాటి జొన్నకూటిని ఈసడించినట్లు చాటువులు చెప్పే శ్రీనాథుడు పదిహేనవ శతాబ్దివాడు. పాపం, ఆయన జొన్నకూటిలోకి మిరపకాయ కారం నంజుకొనే యోగానికి నోచుకోలేదు.

ఫ్రాన్సు ఇందులోకి ఎలా వచ్చిందంటారా? పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో దక్షిణ ఆర్కాటు మెట్టల్లో వేరుసెనగ వ్యాపార పంటగా బలపడటానికి కారణం ఫ్రెంచివారి పుదుచ్చేరి రేవు. అక్కడినుంచి మార్సే పట్టణపు నూనె మిల్లులకు కాయలు ఓడలెక్కేవి. నూనెకూ సబ్బుకూ అవే ఆధారం. ఆ రాత్రి మైదానంలో తలపడిన రెండు దేశాలలో ఒకటి మా పళ్లెంలోని కాయకు పుట్టిల్లు, మరొకటి దానికి తొలినాటి పెద్ద బేరగాడు. పిల్లలకు ఈ మాట చెప్పేలోపే ఎంబాపే నిమిషం తేడాతో రెండు గోళ్లు కొట్టాడు. ఇంకెవరు వింటారు?

ఇక మా ఊరు. గాండ్లవారంటే గానుగవారు. 'పెంట' అనగానే నవ్వే పట్నవాసులకు ఒక మనవి: నల్లమలలో చెంచుల నివాసాలను నేటికీ పెంటలే అంటారు. కాబట్టి మాది గానుగవారి పల్లె అని నా అన్వయం. ఆ గానుగల్లో మొదట ఆడినది చెనిక్కాయ కాదు. నూనె అనే మాటలోనే నువ్వు ఉంది, నువ్వుల నెయ్యే నూనె. నువ్వులు, ఆముదాలు, కుసుమలు, వాటి పక్కన కొర్ర, ఆరిక, సజ్జ, జొన్న: ఇది పాత చేను. ఇరవయ్యవ శతాబ్దిలో చెనిక్కాయ ఒక్కొక్కదానినే పక్కకు నెట్టింది. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టాక ఎర్రనేల అంతా అదే అయింది. వాన ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు మించని జిల్లాలో ఒక్క పంటనే నమ్ముకొన్నాము. కదిరి పరిశోధన కేంద్రం కదిరి-3, కదిరి-6 అంటూ కొత్త వంగడాలు ఇచ్చింది కాని వానను ఇవ్వలేదు కదా! ఊడలు దిగే వేళకు మబ్బు ముఖం చాటేస్తే చేతికి వచ్చేది కట్టె మాత్రమే. 1994 తర్వాత పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచారు. అటు వాన, ఇటు ధర రెండూ తప్పిన ఏళ్లలో అనంతపురం జిల్లాలో ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో మీరూ పత్రికల్లో చదివారు. నా తరగతిలో చదివిన పిల్లల తండ్రులూ వారిలో ఉన్నారు. ఆ పేర్లు ఇక్కడ వ్రాయను.

ఇప్పుడు చెనిక్కాయ ఊళ్లో సంతలో కూడా మా బజ్జీల బండి మూకుడులో కాగేది పామాయిలే. ఆ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. ఆ రాత్రి పళ్లెంలో పాతకాలం నుంచి మనవని చెప్పదగినవి బొరుగులు, సెనగపిండి. కుచేలుడు మూటగట్టినవి అటుకులు. బొరుగులు వాటికి తోబుట్టువులే.

ఆట 3-3తో సమమై, పెనాల్టీల్లో 4-2తో అర్జెంటీనా గెలిచేసరికి పదకొండున్నర కావస్తున్నది. పిల్లలు వీధిలోకి ఉరికారు. పెద్దాయన చాప మీది పొట్టును తువాలులోకి ఎత్తుతూ, అందులో మిగిలిన ఒక కాయను చిదిపి గింజ చూశాడు.

"ఆ దేశంలో ఇప్పుటికీ ఏస్తాండారా అయివారూ?"

వేస్తున్నారని చెప్పాను. మెస్సీ పుట్టిన రొసారియోకు పొరుగు రాష్ట్రం కోర్దోబా. ప్రపంచానికి చెనిక్కాయలు ఎగుమతి చేసే పెద్ద సీమలలో అదొకటి.

"వాన ఎంత పడుతుంది?"

"ఏడెనిమిది వందల మిల్లీమీటర్లు."

ఆయన గింజ నోట వేసుకొని, తువాలు భుజాన వేసుకొని, వీధి దాటి ఇంటికి వెళ్లిపోయాడు.