గ్రీన్ కార్డు క్యూ ఎలా పుట్టింది?

నంద్యాల జిల్లా మిడుతూరు నుంచి అమెరికా చదువుకు వెళ్లాలంటే ఒకప్పుడు వీసా ఇంటర్వ్యూకి చెన్నై బండెక్కాల్సిందే. 2008లో హైదరాబాద్ పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరుచుకున్నాక ఆ తిరుగుడు తగ్గింది. వీసా కోసం చిలుకూరు బాలాజీకి మొక్కులు మాత్రం తగ్గలేదు: కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108.

వీసా వస్తే గడిచేది మొదటి గండమే.

చదువయ్యాక ఏడాది పనిచేయనిచ్చేది ఓపీటీ. సైన్సు, ఇంజినీరింగు చదివినవారికి 2008లో దానిపై 17 నెలలు కలిపారు. 2016లో అవి 24 అయ్యాయి. ఆలోగా ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీ లాటరీ తగలాలి. ఏటా ఇచ్చేవి 65,000. అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20,000.

ఆపై శాశ్వతంగా ఉండాలంటే గ్రీన్ కార్డు కావాలి. దాని అసలు చిక్కు 1990 నాటి చట్టంలో ఉంది. హెచ్-1బీని పుట్టించిందీ అదే, ఉద్యోగ గ్రీన్ కార్డులను ఏడాదికి సుమారు 1,40,000 దగ్గర కట్టేసి దేశానికి 7 శాతం పరిమితి పెట్టిందీ అదే. భార్యాపిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు. ఐస్‌లాండ్‌కైనా, భారత్‌కైనా పరిమితి ఒక్కటే, ఇదేం పంపకమో! దరఖాస్తులు ఎక్కువున్న భారతీయులకు అందుకే ఈ క్యూ. పైగా చూసేది పాస్‌పోర్టును కాదు, పుట్టిన దేశాన్ని.

హెచ్-1బీ గడువు మామూలుగా ఆరేళ్లే. క్యూలో చిక్కినవారికి దాన్ని పొడిగించే వీలు 2000లో వచ్చింది. చట్టం లెక్కలో 21 దాటిన పిల్లలు మాత్రం తల్లిదండ్రుల దరఖాస్తులోంచి జారిపోతారు. పెరిగిన దేశంలోనే ఉండాలంటే వాళ్లలో చాలామంది స్టూడెంట్ వీసా వెతుక్కోవాల్సిందే.