ఫిట్స్ రావడం లేదని మాత్రలు మానరాదు

మూర్ఛ వ్యాధికి చికిత్స పొందుతున్న వారిలో పలువురు కొన్ని నెలలపాటు ఫిట్స్ రాకపోతే వ్యాధి నయమైందని భావించి మందులు ఆపివేస్తుంటారు. ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. ఫిట్స్ రాకపోవడానికి చాలా సందర్భాలలో రోజూ వేసుకుంటున్న మాత్రే కారణం. దానిని ఒక్కసారిగా మానితే మునుపటి కంటే తీవ్రమైన మూర్ఛలు రావచ్చు. ఐదు నిమిషాలు దాటినా ఆగని మూర్ఛ, మధ్యలో స్పృహ రాకుండా వెంటవెంటనే వచ్చే మూర్ఛలు ప్రాణాంతకం. అటువంటి రోగిని తక్షణమే 108 వాహనంలో ఆసుపత్రికి తరలించాలి.

సరైన చికిత్స అందితే దాదాపు 70 శాతం మంది రోగులు మూర్ఛలు లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటోంది. సాధారణంగా కనీసం రెండేళ్లపాటు ఒక్కసారి కూడా ఫిట్స్ రాని వారికే వైద్యులు మోతాదు తగ్గించే విషయం ఆలోచిస్తారు. అదీ నెలల తరబడి, కొద్దికొద్దిగా. కొందరికి జీవితాంతం మందులు తప్పవు.

ఒక పూట మరచిపోతే గుర్తుకు వచ్చిన వెంటనే మాత్ర వేసుకోవచ్చు. తరువాతి మోతాదు వేళ దగ్గరపడితే మాత్రం రెండూ కలిపి మింగరాదు. ఉపవాసాలు, పెళ్లిళ్లు, రాత్రి ప్రయాణాల వేళ మాత్రలు తప్పే అవకాశం ఎక్కువ. దానికి నిద్రలేమి తోడైతే ముప్పు మరింత పెరుగుతుంది.

ఫెనిటోయిన్ వాడేవారు మరింత అప్రమత్తంగా ఉండాలి. మేలు చేసే మోతాదుకూ, హాని చేసే మోతాదుకూ మధ్య అంతరం ఇందులో స్వల్పం. మోతాదు మించితే నడక తూలుతుంది, మాట తడబడుతుంది. మద్యం సేవించాడని ఇరుగుపొరుగు అపోహపడే సందర్భాలూ లేకపోలేదు. దుకాణంలో వేరే కంపెనీ మాత్ర ఇస్తే వైద్యుని అడిగిన తరువాతే వాడాలి. క్షయ మందులైన ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్‌లు రక్తంలో ఫెనిటోయిన్ స్థాయిని మార్చివేస్తాయి. నొప్పులకు ఇచ్చే ట్రమడాల్ ఫిట్స్‌ను రేపగలదు. కనుక ఏ జబ్బుకు ఏ వైద్యుని వద్దకు వెళ్లినా వాడుతున్న మాత్రల చీటీ చూపించాలి. కార్బమజెపైన్ మొదలుపెట్టిన కొత్తలో ఒంటిపై దద్దుర్లు, నోటిలో పుండ్లు కనిపిస్తే అదే రోజు వైద్యుని కలవాలి.

అత్తవారింట వ్యాధి సంగతి దాచేందుకు మాత్రలు మానే యువతులూ ఉన్నారు. హిందూ వివాహ చట్టంలో వివాహానికి అడ్డంకిగా ఉన్న మూర్ఛ ప్రస్తావనను 1999లోనే తొలగించారన్న సంగతి ఎందరికో తెలియదు. సోడియం వాల్ప్రోయేట్ గర్భస్థ శిశువుకు అవయవ లోపాలు, బుద్ధిమాంద్యం కలిగించే ముప్పు ఉన్నందున, సంతానం కోరుకునే ముందే వైద్యునితో చర్చించి మందు మార్చుకోవాలి. గర్భం దాల్చామని తెలిసి సొంతంగా మందు ఆపడం తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదకరం.

మూర్ఛ వచ్చిన సమయంలో నోటిలో మాత్ర వేయరాదు, నీరు పోయరాదు. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, పూర్తిగా స్పృహ వచ్చిన తరువాతే మందు ఇవ్వాలి.